సిసిలీ రాజుగారి ప్రావారము

పలెర్మో నగరములో కుట్టిన ప్రావారమును చూడగోరువారు పలెర్మోకు పోయి లాభము లేదు. ఆల్ప్సు పర్వతములు దాటి వియన్నాకు పోవలెను. అయినను నేను ముందుగా పలెర్మోకే పోతిని. ఒక వస్తువు పుట్టినచోటును చూడక, అది చేరినచోటును మాత్రమే చూచినచో, అద్దపుపెట్టె ప్రక్కన ప్రదర్శనశాలవారు అతికించిన నాలుగు పంక్తులకు మించి మనకేమియు దక్కదని నా నమ్మకము. ఈ నమ్మకము మిక్కిలి ఖర్చుతో కూడినదని నేపుల్సు రేవులో ఓడ ఎక్కునప్పుడే నా సహయాత్రికుడు మందలించెను గాని, ఆ రాత్రి ఓడలో సుఖముగా నిద్రించినవాడును అతడే.

తెల్లవారునప్పటికి పెల్లెగ్రీనో కొండ సముద్రపుటంచున నిట్టనిలువుగా లేచి కనబడినది. రేవునుండి ఎత్తునకు నేరుగా సాగు రాజవీధి చివర నార్మను రాజుల కోట యున్నది. ఈ ద్వీపమున అరబ్బులు 827లో కాలుమోపి, 831లో పలెర్మోను పట్టుకొని, రెండు శతాబ్దములకు పైగా ఏలిరి. ఉత్తర ఫ్రాన్సునుండి కూలికి యుద్ధము చేయుటకు ఇటలీకి దిగివచ్చిన నార్మను వీరులు 1072లో ఆ నగరమును వారినుండి గైకొనిరి. ఆ వంశమువాడైన రెండవ రోజరు 1130వ సంవత్సరపు క్రిస్మసునాడు ఇచ్చటనే సిసిలీకి రాజుగా కిరీటము ధరించెను. నేను చూడగోరిన ప్రావారము ఆయనదే. తండ్రియు పెదతండ్రియు కత్తితో సంపాదించినదానిని ఈతడు కలముతో నిలుపుకొనెననవచ్చును. ఆయన ఆస్థానమున గ్రీకు, లాటిను, అరబ్బీ మూడు భాషల లేఖకులును కొలువుండిరి. కోటలో 1142లో నిర్మింపజేసిన ఒక జలఘటికాయంత్రమును గూర్చిన శిలాశాసనము నేటికిని గోడలో నిలిచియున్నది. అదియు మూడు లిపులలోనే యున్నది.

కోటలోని పలాతీనా ప్రార్థనాలయమున ప్రవేశించినవారి చూపు మొట్టమొదట గోడలమీది బంగారు మొజాయికు చిత్రములమీదికి పోవును. కాని నేను పోయినది కప్పును చూచుటకు. క్రైస్తవాలయపు మధ్యశాలకు కప్పుగా అరబ్బు దేశముల మహళ్ళలోని ముఖర్నసు పనిని కొయ్యతో తొలిచి, గూడు తరువాత గూడుగా వ్రేలాడదీసి, ఆ గూళ్ళ నిండ పానపాత్ర పట్టి కూర్చున్న ప్రభువులను, వాద్యకారులను, చదరంగమాడువారిని, గవాక్షములనుండి తొంగిచూచు స్త్రీలను చిత్రించిరి. మెడ పట్టునంతవరకు దుర్భిణీతో వెదకగా నాకు కావలసినది దొరకినది: ఆ చిత్రములలోని మనుష్యుల నిలువుటంగీలకు, భుజమునకు దిగువ, చేతిచుట్టును ఒక పట్టీ. ఆ పట్టీ పేరు తిరాజ్.

ఇస్లాము రాజ్యములలో రాజు పేరు మూడు చోట్ల నిలువవలసియుండెడిది: శుక్రవారపు నమాజువేళ పఠించు ఖుత్బాలో, చలామణియగు నాణెము మీద, తాను బహూకరించు వస్త్రపు అంచు మీద. ఈ మూడింటిలో ఏ యొక్కటి తప్పినను ఆ రాజు రాజ్యము చేయుచున్నాడా లేదా అని ప్రజలు సందేహింపవలసినదే. పదునాలుగవ శతాబ్దపు చరిత్రవేత్త ఇబ్న్ ఖల్దూను తన సుప్రసిద్ధోపోద్ఘాతమున ఈ తిరాజునకు ప్రత్యేకముగా ఒక ప్రకరణమునే కేటాయించెను. పూర్వము పారసీక రాజులు వస్త్రములపై రాజుల రూపములను నేయించెడివారట. ముసల్మాను ప్రభువులు రూపములను విడిచి, తమ నామములను, శుభవాక్యములను వ్రాయించిరట. అందుకొరకు కోటలలోనే కర్మశాలలుండెడివి. వానిపై విశ్వాసపాత్రుడైన ఒక అధికారి యుండెడివాడు. ఆ శాలలోనుండి వెలువడిన వస్త్రము ఖిల్లతుగా, అనగా రాజు బహూకరించు గౌరవవస్త్రముగా, ఒక సేనాని భుజములపై పడినచో, ఆతడు ఎవరి మనిషియో అక్షరజ్ఞానము కలవారందరు దూరమునుండియే చదువగలరు. ఆ ఖిల్లతును స్వీకరింపక త్రోసిపుచ్చినచో అది తిరుగుబాటే.

ఈ పనిలో ప్రాచీనతమమైన ఖండములలో ఒకటి లండను విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది. ఎఱ్ఱని పట్టుపై పసుపుపచ్చని పట్టుదారముతో సూదిపని చేసి అక్షరములను దిద్దిరి. విశ్వాసులకధిపతియైన మర్వాను పేరు, ఉత్తర ఆఫ్రికాయందలి ఇఫ్రీఖియాలోని తిరాజు శాల పేరు అందులో కనబడును. ఉమయ్యదు వంశమున మర్వాను లిద్దరుండుటచేత అది ఏడవ శతాబ్దపు చివరిదా, ఎనిమిదవ శతాబ్దపు నడిమిదా అను వివాదము కలదు. ఎవరిదైన నేమి, ఆ గుడ్డముక్క ఈజిప్టులోని అఖ్మీము దగ్గర దొరకినది. పేరు ధరించిన ప్రభువు మట్టిలో కలిసిపోగా, పేరు కుట్టిన దారము మట్టిలోనుండి పైకి వచ్చినది.

దేశమునుబట్టి పనియు మారెడిది. ఈజిప్టు నేతగాండ్రు నారబట్ట నేయుచుండగనే నడుమ రంగుపట్టును చొప్పించి అక్షరములను మగ్గముమీదనే పుట్టించిరి. ఇరాకు, ఇరాను దేశములవారు బట్ట ముగిసిన పిమ్మట సూది చేతబట్టిరి. నూలుబట్టపైనో, పట్టుపడుగు, నూలుపేక కలసిన ముల్హము అను బట్టపైనో పట్టుదారముతో గొలుసుకుట్టు మొదలగు కుట్టులు వేసిరి. పట్టు బట్టగా కాక పట్టుదారముగా ఇంత వ్యాప్తిలోనికి వచ్చుటకు ధర్మశాస్త్రము కూడ ఒక కారణమై యుండును. పురుషులు పట్టు ధరింపరాదని ప్రవక్త నిషేధించినట్లును, రెండు మొదలు నాలుగు వ్రేళ్ళ వెడల్పుగల అంచునకు మాత్రము మినహాయింపు ఇచ్చినట్లును హదీసులలో నున్నది. శాస్త్రకారులు ఆ నాలుగు వ్రేళ్ళను కొలుచుచుండగా, కళాకారులు ఆ నాలుగు వ్రేళ్ళలోనే ఒక లోకమును నిలిపిరి. రాజుల సంగతి వేరు. వారి విషయమున వ్రేళ్ళు లెక్కించు సాహసము సామాన్యముగా ఎవరికిని కలుగలేదు.

ఈ శాలల ప్రతిష్ఠ ఎంతటిదో ఒక పారసీక యాత్రికుని మాటవలన తెలియును. 1047 ప్రాంతమున నైలునదీ ముఖద్వారమునందలి తిన్నీసు పట్టణమును చూచిన నాసిర్ ఖుస్రో, ఈజిప్టు సుల్తానుకొరకు అచ్చట నేయు బట్టను ఇంకొకరికి అమ్ముటగాని ఇచ్చుటగాని లేదని వ్రాసి, ఆ యొక్క పట్టణమునకు బదులుగా నూరు పట్టణములిచ్చెదనని రూము, అనగా బైజాంటియము, చక్రవర్తి కబురంపెనని తాను వినిన ముచ్చట కూడ చేర్చెను. యాత్రికులు విన్నదంతయు నిజము కాదని యాత్రికుడనైన నాకు తెలియును. అయినను ఇట్టి ముచ్చట పుట్టుటకు తగిన బట్ట అచ్చట ఉండియేయుండవలెను.

పలెర్మోలో ఈ శాల ఎట్లుండెనో చెప్పుటకు నేడు గోడలు లేవు, ఒక మనుష్యుడున్నాడు. 1184వ సంవత్సరము చివర, రోజరు మనుమడైన రెండవ విలియము ఏలుచుండగా, మక్కాయాత్ర ముగించుకొని స్పెయినునకు మరలుచు ఓడ పగిలి సిసిలీలో దిగిన ఇబ్న్ జుబైరు, రాజుగారి వస్త్రములపై బంగారుపని చేయు యహ్యా అను కుట్టుపనివానిని గూర్చి తన యాత్రాగ్రంథమున ప్రస్తావించెను. ఆతనివలన విన్న అంతఃపురవృత్తాంతములు ఆ గ్రంథమునకెక్కినవి. రాజు పరిచారకులలో పెక్కుమంది లోలోపల ముసల్మానులే యనియు, రాజు స్వయముగా అరబ్బీ చదువను వ్రాయను నేర్చినవాడనియు ఆయన వ్రాసెను. క్రిస్మసునాడు పలెర్మోలోని క్రైస్తవస్త్రీలు బంగారు వన్నె పట్టువస్త్రములు కట్టి, రంగురంగుల మేలిముసుగులు వేసి, పసిడి చెప్పులు తొడిగి, ముసల్మాను స్త్రీలవలెనే అరబ్బీ మాటలాడుచు ఆలయములకు పోవుచుండగా చూచి ఆ భక్తుడు ఒకింత కలవరపడెను. అయినను ఏ యొక్క అలంకారమును విడువక వర్ణించెను.

ఇబ్న్ జుబైరు చూచి మెచ్చిన ఆలయము నేడు మార్తొరానా యను పేర ప్రసిద్ధము. రోజరు నౌకాధిపతియైన అంతియొకయ జార్జి దానిని కట్టించెను. అందు క్రీస్తు చేతులమీదుగా రోజరు కిరీటము పొందుచున్న మొజాయికు చిత్రమున్నది. అందులో ఆయన నిలువెల్ల బైజాంటియము చక్రవర్తి వేషములో నున్నాడు. పేరు గ్రీకు అక్షరములలో నున్నది. అనగా ఆలయపు గోడపై ఆయన గ్రీకు. నాణెముపై హిజ్రీ సంవత్సరము వేయించి, ‘అల్ ముతజ్జ్ బిల్లాహ్’ అను బిరుదు దాల్చిన అరబ్బు. పోపుగారియెదుట లాటిను క్రైస్తవుడు. దీనిని మతసామరస్యమని కీర్తించు వ్యాసములు నేనెన్నియో చదివితిని. నాకు మాత్రము ఇది నేర్పరియైన ప్రభువు ఎవరికి వారి భాషలో ఆజ్ఞ వినిపించిన తీరుగనే తోచినది.

పలెర్మోనుండి వియన్నాకు మేము రైలుమీద పోతిమి. మెస్సీనా జలసంధి దగ్గర రైలును పెట్టెలుగా విడదీసి ఓడలోనికెక్కించుట తప్ప ఆ ప్రయాణమున విశేషమేమియు లేదు. ప్రావారము కూడ ఉత్తరదిశగనే పోయినది గదా యని నేను సంతోషపడితిని.

వియన్నాలో హోఫ్‌బుర్గ్ రాజప్రాసాదమున, 1552 నాటి ఎఱుపు నలుపు వన్నెల స్విస్ ద్వారము దాటి లోపలికి పోయినచో రాజభాండాగారము వచ్చును. అష్టభుజియైన సామ్రాజ్యకిరీటము, పవిత్రశూలము మొదలగువాని చుట్టు జనము మూగియుందురు. వెలుతురు తగ్గించిన గదిలో పరచిపెట్టిన ప్రావారమువద్ద అంతటి త్రోపులాట లేదు. అది అర్ధచంద్రాకారము; విప్పిన తాటియాకు విసనకఱ్ఱ ఎట్లుండునో అట్లున్నది. వెడల్పు 345 సెంటీమీటర్లు, ఎత్తు 146 సెంటీమీటర్లు. మధ్యరేఖపై ఖర్జూరవృక్షము, అది ధరించినవాని వెన్నెముకపైకి వచ్చును. చెట్టున కిరువైపుల వీపులు త్రిప్పుకొని రెండు మహాసింహములు. ఒక్కొక్క సింహము క్రింద ఒక్కొక్క ఒంటె కూలియున్నది.

బట్ట ఎఱ్ఱని సామైటు పట్టు. ఆ ఎఱుపు మధ్యధరాతీరపు సింధూరవృక్షములపై బ్రతుకు కెర్మీసు పురుగునుండి తీసినది. మన లక్కపురుగునకు జ్ఞాతి యనవచ్చును. ఆ పట్టుపై బంగారుపని. బంగారమును సన్నని రేకుగా చేసి పట్టుదారముపై చుట్టగా కలాబత్తు వచ్చును. దానిని సూదితో బట్టలోనికి గ్రుచ్చరు. గ్రుచ్చినచో రేకు చిట్లును, బంగారము వృథాగా బట్ట వెనుకకు పోవును. దానిని బట్టపై ప్రక్కప్రక్కన పరచి, పైనుండి సన్నని పట్టుదారముతో చిన్నచిన్న కుట్టులు వేసి కట్టివేయుదురు. హైదరాబాదు పాతబస్తీలో కార్చోబు చట్రములముందు కూర్చుండువారి పని ఈ జాతికి చెందినదే. చూచువారు బంగారమును పొగడుదురు. పని యంతయు ఆ కనబడని పట్టుకుట్టుదే. బంగారుదారము ఏ దిక్కునకు పరుగెత్తునో, కుట్టులు ఎచ్చట దగ్గఱగా పడునో ఎచ్చట ఎడమగునో, దానినిబట్టి సింహపు భుజము ఒక తీరున, డొక్క ఒక తీరున వెలుగును పట్టుకొనును. మృగముల రూపురేఖల వెంబడి ముత్యములను రెండేసి వరుసలుగా కుట్టిరి. సింహముల తలలపై పుష్పాకృతులు. అక్కడక్కడ రత్నములు, మీనాపని చేసిన బంగారుబిళ్ళలు. అద్దమునకు ముక్కు ఆనించి నేను చూచుచుండగా కాపలాదారుడు మర్యాదగనే దగ్గెను.

సింహము నార్మను రాజట, ఒంటె ఓడిన అరబ్బు జాతియట. మార్గదర్శకులందరు చెప్పు వ్యాఖ్య ఇది. వినుటకు సులువైనది, అందుచేతనే నాకు సందేహాస్పదమైనది. మృగముపై పడిన సింహము ఇస్లాము కళకు ఎన్నడో సొంతము. జెరికో దగ్గర ఖిర్బత్ అల్ మఫ్జరులోని ఉమయ్యదు ప్రభువుల స్నానశాలలో, చెట్టుక్రింద జింకను పట్టిన సింహము మొజాయికు నేలపై నేటికిని చూడవచ్చును. అచ్చట జింక ఎవరి జాతికి సంకేతము? ఒంటె మాత్రము అరుదన్న మాట నిజమే. కాని అరబ్బు అధికారులతో రాజ్యము నడుపుచు, అరబ్బు పనివారిచేత అరబ్బు పద్ధతిలో అరబ్బీ వ్రాతతో కుట్టించుకొన్న వస్త్రముపై, ఆ అధికారుల యెదుట నిలుచుండి వారి పరాభవమును ఆయన ప్రదర్శించెననుట రోజరు తెలివిని తక్కువచేయుట. మృగరాజు బలమును మాత్రమే చూపదలచిన చిత్రమని నేననుకొందును.

వంపు తిరిగిన అంచు వెంబడి బంగారముతో కూఫీ లిపిలో వ్రాత. ఈ వస్త్రము సౌభాగ్యముతో, వైభవముతో, పరిపూర్ణతతో వర్ధిల్లు రాజభాండాగారమున తయారైనదనియు, అచ్చట ఆశలు నెరవేరవలెననియు, పగళ్ళును రాత్రులును మార్పులేక ఆనందముగా గడువవలెననియు, రక్షణ, విజయము, కీర్తి కలుగవలెననియు శుభకామనలు సాగిసాగి, చివర సిసిలీ రాజధానియందు, 528వ సంవత్సరమున అని ముగియును. ఆ సంవత్సరము హిజ్రీ. మన లెక్కకు 1133–34. కనుక పట్టాభిషేకమునకు మూడు నాలుగేండ్ల పిమ్మటి వస్త్రము. 1147లో రోజరు నౌకాదళము గ్రీకుదేశమున థీబ్సు, కొరింథులను కొల్లగొట్టి అచ్చటి పట్టుపనివారిని పలెర్మోకు తెచ్చినది గాన సిసిలీ పట్టుపరిశ్రమ అప్పుడే పుట్టినదని చెప్పువారికి ఈ యొక్క తేదీయే సమాధానము.

అంత పొడవు వ్రాతలో ఒక్క లోపము, లేక ఒక్క ఔచిత్యము. రాజు పేరు లేదు. తిరాజు పుట్టినదే పేరు కొరకు గదా. ఈ మహావస్త్రముపై రోజరు అను మాట ఎచ్చటను లేదు. తన ఖజానాలో తనకొరకే తయారైనదానిపై ప్రత్యేకముగా పేరు అక్కరలేదనుకొన్నారేమో. ఫలితము మాత్రము విచిత్రము: పేరు లేనందున ప్రావారము ఎవరి భుజముపైనైనను ఇమిడినది. రోజరు కుమార్తె కాన్‌స్టన్సును పెండ్లాడిన జర్మను చక్రవర్తి ఆరవ హెన్రీ 1194లో పలెర్మోలో సిసిలీ కిరీటము పొంది, అచ్చటి నిధులను ఉత్తరమునకు తరలించెను. ఆయన కుమారుడు రెండవ ఫ్రెడరికు 1220లో రోములో చక్రవర్తియైనప్పుడు దీనినే ధరించెనని చెప్పుదురు. అటుపిమ్మట కొన్ని ఏండ్లలోనే ఆ ఫ్రెడరికు సిసిలీ ముసల్మానులను తిరుగుబాటుదారులని పట్టి, దీవినుండి ఇటలీలోని లూచెరాకు వేలకొలది తరలించెను. 1300లో ఆ లూచెరాను కూడ వేరొక రాజు నాశనము చేసెను. కుట్టిన చేతుల సంతతికి దీవిలో చోటు లేకపోయినది. కుట్టుపని మాత్రము చక్రవర్తుల మూపులపై 1792 వరకు ఊరేగినది. మతసామరస్యవ్యాసములు వ్రాయువారు ఈ భాగమును సామాన్యముగా స్పృశింపరు.

అన్యమతస్థుల దర్బారు వస్త్రము ధరించుట మనవారికి క్రొత్త గాదు. 1443లో విజయనగరము చూచిన అబ్దుర్ రజాకు, ప్రౌఢదేవరాయలు జైతూనీ పట్టు అంగీ ధరించి కొలువుండెనని వ్రాసెను. ఆ కొలువునకు పోవుటకై శ్రీనాథుడు కుల్లాయి మొదలగు వేషమెల్ల వేసి, విసుగుతో చెప్పెనను చాటువును ఎఱుగని తెలుగువాడుండడు. రాజులకు దర్బారు వేషమునందు సిగ్గు లేదు, ఇబ్బందియంతయు కవులకే.

కాలక్రమమున ఈ ప్రావారము ఎవరిదో అందరును మరచి, ఇది షార్లమేను మహాచక్రవర్తి వస్త్రమని నమ్మసాగిరి. అరబ్బీ అక్షరములు కన్నులయెదుటనే యుండగా, చదువరులు లేక అవి లతలుగా చెల్లినవి. 1424నుండి నూరెంబర్గులో భద్రపరచబడి, పట్టాభిషేకమైనప్పుడెల్ల బయటికి వచ్చెడిది. 1764లో ఫ్రాంక్‌ఫర్టున రెండవ జోసెఫునకు అభిషేకము జరుగగా, పదునాలుగేండ్ల బాలుడైన గేటే ఆ వేడుక చూచి, వృద్ధాప్యమున తన ఆత్మకథలో వర్ణించెను. షార్లమేనువని భావించిన ఆ మహావస్త్రములలో యువరాజు మారువేషములో ఈడ్చుకొనిపోవువానివలె కనబడెనట. తండ్రియైన చక్రవర్తివైపు మధ్యమధ్య చూచుచు ఆ యువరాజే చిరునవ్వు ఆపుకొనలేకపోయెనట. ఫ్రెంచి సైన్యములకు వెఱచి పదునెనిమిదవ శతాబ్దాంతమున నూరెంబర్గునుండి తరలించిన ఈ ప్రావారాది రాజచిహ్నములు వియన్నా చేరినవి. 1938లో హిట్లరు మరల నూరెంబర్గునకు పట్టించెను. 1946లో అమెరికను సైన్యము వియన్నాకు తిరిగి అప్పగించినది.

ప్రావారపు లోపలి అస్తరును గూర్చి చెప్పక విడువరాదు. పైభాగమునకు ఏమాత్రము తీసిపోని స్వర్ణసూత్రపు నేతగుడ్డలను ముక్కలుగా కోసి అతికిరి. వానిలో చెట్లు, పక్షులు, సర్పములు, మనుష్యరూపములు కలవు. పెట్టెలో పరచినందున అది మనకు కనబడదు; ఛాయాచిత్రములతో తృప్తి పడవలెను.

అదే భాండాగారమున రెండవ విలియమునకై 1181లో పలెర్మోలో చేసిన తెల్లపట్టు నిలువుటంగీ యున్నది. దాని అంచున లాటినును అరబ్బీయు రెండును కలసి, ఎవరికొరకు ఎచ్చట చేసినదో చెప్పుచున్నవి. తాతగారి ప్రావారమునకు అరబ్బీ యొక్కటియే చాలినది. మనుమని నాటికి లాటిను కూడ కావలసివచ్చినది. గాజులోపల ఇంకొకచోట ఎఱ్ఱపట్టు మేజోళ్ళ జత. నా సహయాత్రికుడు వానిని చూచి నవ్వి ముందుకు పోయెను. నేను వంగి చూచితిని. మోకాలి దిగువకు వచ్చు పైయంచున బంగారు పట్టీలో అరబ్బీ వ్రాత కలదు. అందులో విలియము రాజు పేరు కలదు. ప్రావారముపై లేని రాజనామము మేజోటిపై నిలిచినది. పాదములంటు అంగీ తొడిగినవాని మేజోటి యంచును కొలువులో ఎవరు చూతురు? తొడిగించు పరిచారకులు చూతురు, వారిలో పెక్కుమంది అరబ్బీవారే. తొడిగించుకొను రాజు చూచును, ఆయనకును చదువ వచ్చును.